తమ్ముడు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్న దెబ్బ

ఉదయగిరి వైపు నుంచి ఒక అక్క నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఆమె చెప్పిన సంగతులు కుదించి ఇక్కడ పెడుతున్నాను.

ఆమెకు 26 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. అమ్మానాన్న ఇంటి దగ్గరే చెక్క గరిటెలు, చెంచాలు చేస్తారు. ఒక్కడే తమ్ముడు, 20 ఏళ్లు. అగ్నివీర్‌గా ఎంపికై ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) 31 వారాల ట్రైనింగ్ పూర్తి చేశాడు. ప్రమాణం చేసే కసమ్ పరేడ్ అయ్యాక సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఇంకో తొమ్మిది రోజుల్లో యూనిట్‌లో చేరాలి.

వచ్చిన రెండో రోజు నుంచే తేడా కనిపించిందట. ట్యూబులైటు వేస్తే కళ్లు మూసుకుంటాడు. పగలు పడుకుంటాడు, రాత్రి మేలుకుంటాడు. చిన్న మాటకే అమ్మ మీద అరుస్తాడు, అరిచిన కాసేపటికే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. నెల్లూరు రొట్టెల పండగకు అందరూ కలిసి వెళితే, దర్గా దగ్గర మైకుల మోత, లైట్లు భరించలేక పావుగంటలోనే బయటికి వచ్చి, రోడ్డు పక్కన తల పట్టుకొని కూర్చున్నాడు. మలుపు తిప్పుతూ బైకు మీద నుంచి ఒకసారి ఒరిగిపోయాడు. తలనొప్పి మాత్రలు జేబులోనే పెట్టుకొని తిరుగుతున్నాడు.

అన్నిటికంటే ఆమెను భయపెట్టింది ఇంకొకటి. పదేళ్ల వయసు నుంచీ నాన్న పక్కన కూర్చొని చెంచాలు చెక్కినవాడు, మొన్న ఒక ఫోర్కు మొదలుపెట్టి, గీతలు గీసుకొని, సగంలో ఆగిపోయాడు. "తర్వాత ఏం చెయ్యాలో తెలీడం లేదక్కా" అని ఉలి విసిరేశాడు.

ఆ రాత్రి అసలు విషయం చెప్పాడు. పరేడ్‌కు నెల ముందు తాడు పట్టుకొని గోడ ఎక్కే శిక్షణలో జారి వెల్లకిలా పడ్డాడు. తల వెనక దెబ్బ తగిలింది. స్పృహ తప్పలేదు. కానీ "మనం భోంచేశామా?" అని ఒకే ప్రశ్న నాలుగైదుసార్లు అడిగాడని పక్కనున్న స్నేహితుడు తర్వాత చెప్పాడు. పడ్డాక గంటసేపు ఏం జరిగిందో ఇతనికి ఇప్పటికీ గుర్తు లేదు. శిక్షణ ఇచ్చే ఉస్తాద్ అడిగితే "ఠీక్ హూఁ" (బాగానే ఉన్నాను) అన్నాడు. డాక్టరు చూసే ఎం.ఐ. రూమ్‌కు వెళ్లలేదు, తెల్లవారి పరుగుకు కూడా వెళ్లాడు. పది రోజుల తర్వాత బాక్సింగ్‌లో ముఖం మీద ఇంకో దెబ్బ. ఆ రోజు నుంచి తలనొప్పి పోలేదు. బయటపెడితే రెలిగేట్ చేస్తారని, అంటే వెనక బ్యాచ్‌లోకి దింపేస్తారని, బ్యాచ్‌తో పరేడ్ పోతుందని, మెడికల్‌గా తక్కువ చేస్తే నాలుగేళ్ల తర్వాత ఉంచుకునే 25 శాతంలో తన పేరు ఉండదని భయం. ఎవరికీ చెప్పనని అక్క చేత ఒట్టు వేయించుకున్నాడు.

నాన్నేమో "మిలిటరీ అంటే పూలపాన్పా? రెండు దెబ్బలు తగలకుండా సిపాయి అవుతాడా?" అంటున్నారు.

ఆమె అడిగినవి ఇవి. ఇది మెదడుకు తగిలిన దెబ్బేనా, లేక అలసటా? నెల్లూరులో గుట్టుగా ఒక డాక్టరుకు చూపించి సరిపెట్టుకోవచ్చా? రక్తపరీక్షతో తెలుస్తుందని యూట్యూబ్‌లో చూశారు, నిజమా? ఒట్టు తప్పి యూనిట్‌కు చెబితే తమ్ముడి జీవితం పాడుచేసిన అక్క అవుతానా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరుగా 22 ఏళ్లు చేసినదాన్ని. మీ తమ్ముడి లాంటి రంగ్రూట్ (కొత్తగా చేరిన) పిల్లల్ని చాలామందిని చూశాను. మీ ప్రశ్నల దగ్గరికి వస్తాను గానీ, ఒక మాట ముందే చెప్పాలి.

ఈ తొమ్మిది రోజుల్లో ఎప్పుడైనా తలనొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటి పాప రెండోదానికంటే పెద్దదిగా కనిపించినా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, నిద్రలోంచి లేపితే లేవకపోయినా ఇక ఆలోచించొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. మీకు నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. "తెల్లారాక చూద్దాం" అనుకునే దూరం కాదది. అప్పుడు ఒట్టు లేదు, యూనిట్ భయం లేదు, నాన్న మాట కూడా లేదు. తలకు దెబ్బ తగిలాక కొందరికి పుర్రె లోపల రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతుంది. వయసులో ఉన్నవాళ్లలో ఇది తక్కువే, కానీ ఉంటుంది. అందుకే అన్నిటికంటే ముందు దీన్ని చెప్పాను.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఉత్తరం చదివి జబ్బు పేరు పెట్టడం నా పని కాదు, డాక్టరు చూడాలి. కానీ మీరు రాసినవి కంకషన్‌కు, అంటే పుర్రె లోపల మెదడు అదిరినప్పుడు కలిగే స్వల్ప గాయానికి, బాగా సరిపోతున్నాయి. దీన్నే స్వల్ప ట్రామాటిక్ బ్రెయిన్ ఇంజురీ అంటారు. ఇందులో "స్వల్ప" అనే మాట చాలామందిని మోసం చేస్తుంది. ప్రాణాపాయం ఎంత అన్న లెక్కలో అది స్వల్పం, మనిషి పడే బాధ లెక్కలో కాదు.

స్పృహ తప్పలేదు కదా అని మీ తమ్ముడు ధైర్యం తెచ్చుకున్నాడు. కంకషన్ అయినవాళ్లలో ఎక్కువమందికి స్పృహ తప్పదమ్మా. అసలు గుర్తు ఆ "భోంచేశామా?" అన్న ప్రశ్నే. అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, ఆ గంట జ్ఞాపకం లేకపోవడం. కొత్త జ్ఞాపకాన్ని రాసుకునే పని ఆ గంటసేపు మెదడు ఆపేసిందన్నమాట. ఆ స్నేహితుడికి అది నవ్వులాటగా తోచి ఉంటుంది. ఆ రోజు అక్కడ ఒక నర్సింగ్ అసిస్టెంట్ ఉండి ఆ ప్రశ్న రెండోసారి విని ఉంటే, మీ తమ్ముడు పది రోజుల తర్వాత బాక్సింగ్ రింగులో ఉండేవాడు కాదు.

నా సర్వీసులో ఒక కుర్రాడు ఇంకా గుర్తున్నాడు. శిక్షణలో పడి మా వార్డుకు నడుచుకుంటూ వచ్చాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తేదీ చెప్పాడు. 1974 నుంచి స్పృహ ఎంతుందో కొలవడానికి ప్రపంచమంతా వాడుతున్న గ్లాస్గో కోమా స్కేల్‌లో అతనికి 15కి 15 వచ్చాయి. వెనక్కి పంపడానికి కాగితం కూడా సిద్ధమైంది. ఎందుకో అనుమానమొచ్చి వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమన్నాను. "ఆదివారం, శనివారం..." అని ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. మూడోసారి ఏడ్చేశాడు. తనకేదో అయిందని అతనికి తెలిసింది ఆ క్షణంలోనే. మీ తమ్ముడు ఉలి విసిరేశాడని చదివినప్పుడు నాకు ఆ పిల్లాడి ముఖమే కనిపించింది.

ఫోర్కు చెక్కడం చేతి పని ఒక్కటే కాదు. ముందు ఏ గీత, తర్వాత ఏ కోత, పళ్ల మధ్య సందు ఎప్పుడు తియ్యాలి, ఎప్పుడు రుద్దాలి అన్న వరస అంతా తలలో ఉండాలి. చేతులు బాగానే ఉన్నాయి, వరస జారిపోయింది. కంకషన్‌లో ముందుగా దెబ్బతినేవాటిలో ఇదొకటి. అమెరికా సైన్యం వాడే మేస్ అనే పరీక్షలోనూ ఇలాంటివే అడుగుతారు. ఐదు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడగడం, నెలల పేర్లు వెనక నుంచి చెప్పించడం, అంకెలు తిరగేసి చెప్పించడం, ఒక అడుగు ముందు ఇంకో అడుగు పెట్టి నడిపించడం, ఒంటికాలి మీద కళ్లు మూసుకొని నిలబెట్టడం, కదిలే వేలిని కళ్లతో వెంబడించమనడం. తలనొప్పి ఉందా లేదా అన్నదానికి మనిషి అబద్ధం చెప్పగలడు, వీటికి చెప్పడం కష్టం.

ఇలాంటి పరీక్షలకు ఒక చిక్కుంది. మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియకపోతే, ఇప్పుడెంత తగ్గాడో తెలియదు. అందుకే అమెరికా 2008 నుంచి యుద్ధానికి పంపేముందు సైనికుల జ్ఞాపకశక్తి, చురుకుదనం కంప్యూటర్ మీద పరీక్షించి దాచిపెట్టడం మొదలుపెట్టింది. దాన్ని బేస్‌లైన్ అంటారు. మీ తమ్ముడి బేస్‌లైన్ ఏ కంప్యూటర్లోనూ లేకపోవచ్చు. మీ నాన్న పక్కనున్న పీట మీద పదేళ్లుగా ఉంది. "మావాడు ఈ పని నిద్రలో కూడా చేసేవాడు, ఇప్పుడు చెయ్యలేకపోతున్నాడు" అని మీరు డాక్టరుకు చెబితే దానికి చాలా విలువుంది. సంకోచించకుండా చెప్పండి. వీలైతే ఆ సగం చెక్కిన ఫోర్కునే తీసుకెళ్లి చూపించండి.

మీ నాన్నగారితో వాదించొద్దు. ఆయన తరానికి దెబ్బ అంటే రక్తం కారాలి, ఎముక విరగాలి. సైన్యాలే చాలాకాలం అలా అనుకున్నాయి. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడినప్పుడు, అమెరికన్ సైనికులెవరికీ ఏమీ కాలేదని మొదట ప్రకటించారు. కొద్ది రోజులకు తలనొప్పులు, తిరుగుళ్లు, వెలుతురు పడకపోవడం ఒక్కొక్కరిలో బయటపడ్డాయి. చివరికి వందమందికి పైగా సైనికులకు మెదడు గాయం ఉందని నిర్ధారించారు. ఒంటి మీద గీత లేనివాళ్లే ఎక్కువ. అమెరికా సైన్యంలో 2000 నుంచి 5 లక్షలమందికి పైగా ఇలాంటి గాయాలు నమోదైతే, వాటిలో చాలా భాగం యుద్ధంలో తగిలినవి కావు. శిక్షణలో, ఆటల్లో, రోడ్డు మీద తగిలినవి. ఇది మీ నాన్నకు చెప్పండి. సిపాయికి దెబ్బలు తగులుతాయన్న ఆయన మాట నిజమే, అందుకే ఆ దెబ్బల్ని లెక్కపెట్టడం అక్కడి సైన్యం నేర్చుకుంది. 2012లో వాళ్లు పెట్టిన నియమం చూడండి. యుద్ధరంగంలో తలకు దెబ్బ తగిలినవాళ్లు, పేలుడుకు 50 మీటర్ల లోపు ఉన్నవాళ్లు "నాకేం కాలేదు" అన్నా సరే పరీక్ష తప్పదు, కనీసం 24 గంటల విశ్రాంతి తప్పదు. "నాకేం కాలేదు" అన్న మాటను నమ్మకూడదన్నదే దాని సారం, ఎందుకంటే ఆ మాట చెప్పేది కూడా దెబ్బ తగిలిన మెదడే.

రక్తపరీక్ష సంగతి. మీరు చూసింది అబద్ధం కాదు. మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే రెండు ప్రోటీన్లను కొలిచే పరీక్షకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. మంచం పక్కనే పావుగంటలో ఫలితమిచ్చే రకానికి 2024లో ఇచ్చారు. కానీ అది దెబ్బ తగిలిన 24 గంటల్లోపు చెయ్యాల్సింది, సీటీ స్కాన్ అవసరమా కాదా తేల్చుకోవడానికి. మీ తమ్ముడికి రెండో దెబ్బ తగిలి కూడా నెల దాటింది. ఇప్పుడు దానికోసం తిరగొద్దు, డబ్బు పెట్టొద్దు.

ఇక అసలు చిక్కు, చెప్పాలా వద్దా. మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏదీ నష్టం లేనిది కాదు.

ఒట్టు నిలుపుకొని, ఏమీ చెయ్యకుండా పంపించడం మొదటిది. కంకషన్ అయినవాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాల్లో వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు, అతనూ కోలుకోవచ్చు. అది నిజం. కానీ నెల దాటినా తగ్గలేదంటే వైద్యుడి చేయి పడాల్సిన కేసే. పైగా అతను వెళ్లేది ఆర్టిలరీ యూనిట్‌కు. ఫిరంగి పేలిన ప్రతిసారీ గాలి ఒత్తిడి ఒక అలలాగా వచ్చి మనిషిని తాకుతుంది. మానని మెదడు మీద అది మంచిది కాదు. ఇక తలకు ఇంకో గట్టి దెబ్బ తగిలితే? మొదటిది మానకముందే రెండోది తగిలినప్పుడు, అరుదుగానైనా, వయసులో ఉన్న పిల్లల్లో మెదడు నిమిషాల్లో వాచి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. మీ తమ్ముడు ఒకసారి ఆ అంచు నుంచి తప్పించుకున్నాడు, బాక్సింగ్ రోజున. ఇంకోటి కూడా ఆలోచించండి. తల పనిచెయ్యనివాడు తుపాకీ దగ్గర ఉంటే ప్రమాదం అతనొక్కడికే కాదు, పక్కనున్నవాళ్లకూ.

రెండోది మీరు అడిగినదే, నెల్లూరులో చూపించడం. నేను వద్దనను, తప్పకుండా చూపించండి. "గుట్టుగా చూపించి సరిపెట్టడం" దగ్గరే నా అభ్యంతరం. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనైనా, మీకు నమ్మకమున్న న్యూరాలజిస్టు దగ్గరైనా సరే. ఇన్ని వారాలుగా తలనొప్పి ఉంది కాబట్టి లోపల రక్తం చేరలేదని తేల్చుకోవడానికి స్కాన్ తీయిస్తారు. అది నార్మల్ రావడానికే అవకాశం ఎక్కువ. అప్పుడు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొని "ఏమీ లేదన్నారు" అంటారు. నేను భయపడేది ఆ మాటకే. స్కాన్‌లో రక్తం కనిపిస్తుంది, ఎముక కనిపిస్తుంది. కణాల స్థాయిలో జరిగిన అదురు కనిపించదు. కంకషన్‌లో స్కాన్ నార్మల్‌గా ఉండటమే మామూలు. కాబట్టి డాక్టరును "జ్ఞాపకం, చూపు, నడక కూడా పరీక్షించండి" అని అడగండి. దెబ్బ తగిలిన తేదీలు, ఎలా తగిలిందీ, గంట జ్ఞాపకం లేదన్నదీ ఓపీ చీటీలో రాయమనండి. ఆ చీటీ తర్వాత ఎంత పనికొస్తుందో చెబుతాను.

మూడో దారి, అతనే నోరు విప్పడం. సెలవులో ఉండగానే యూనిట్‌కు ఫోన్ చేసి, దగ్గర్లోని మిలిటరీ ఆసుపత్రికి వెళ్లొచ్చు. లేదా చేరిన రోజే ఒంట్లో బాగాలేదని సిక్ రిపోర్ట్ చేసి ఎం.ఐ. రూమ్‌లో డాక్టరుకు అన్నీ చెప్పొచ్చు. అక్కడి నుంచి స్పెషలిస్టుకు పంపుతారు. పరుగు, ఫైరింగ్, బాక్సింగ్ లాంటివి ఆపి కొంతకాలం తేలిక డ్యూటీ ఇవ్వడం, తాత్కాలికంగా మెడికల్ కేటగిరీ తగ్గించి మళ్లీ పరీక్షించడం మామూలుగా జరిగే పద్ధతి. తాత్కాలికంగా తగ్గిన కేటగిరీ మళ్లీ పూర్తి ఫిట్ అని చెప్పే షేప్ వన్‌కు రావడం నా కళ్లతో చాలాసార్లు చూశాను. అయినా నష్టం ఉండొచ్చు, అది దాచను. తోటివాళ్ల కంటే కొన్ని నెలలు వెనకబడొచ్చు. "నాటకం" అనేవాళ్లుంటారు. గాయం మానకపోతే మెడికల్ బోర్డు దాకా వెళ్లొచ్చు. అతని భయం ఉత్త భయం కాదు. ఇంటికి చేతికొచ్చే 21 వేలు మీకెంత ముఖ్యమో మీరు రాయకపోయినా నాకు అర్థమైంది. కానీ దాచిపెట్టి వెళ్తే ఈ నష్టాలు తప్పుతాయా? ఫైరింగ్ డ్రిల్‌లో వరస మర్చిపోతే, ఉస్తాద్ మీద అరిస్తే, రాత్రి కాపలాలో తూలిపడితే, అక్కడి కాగితాల్లో అది గాయంగా ఎక్కదు. క్రమశిక్షణ లేనివాడిగా, పనికిరానివాడిగా ఎక్కుతుంది. 25 శాతంలో పేరు లేకుండా చేసేది అదే.

నాలుగోది, అతన్ని దాటి మీరే యూనిట్‌కు చెప్పడం. ప్రాణం మీదికి వచ్చే గుర్తులుంటే దీనికి సంకోచమే వద్దు. అవి లేనప్పుడు మాత్రం ఇది చివరికి ఉంచుకోండి. చెప్పుకోవడానికి ఇప్పుడు అతనికున్నది మీరొక్కరే. మీరు వెనక నుంచి ఫోన్ చేశారని తెలిస్తే, రేపు ఇంకేదైనా అయినప్పుడు మీకూ చెప్పడు. వద్దని నేను ఆజ్ఞాపించడం లేదు. తొమ్మిదో రోజుకు కూడా అతను ఎటూ కదలకపోతే, తలనొప్పితోనే రైలెక్కుతానంటే, ముందు అతనికి చెప్పి, అతని ఎదుటే ఫోన్ చెయ్యండి. కోపం వస్తుంది, మోసం చేశారనుకోడు.

నా మనసు రెండో దారి మీదుగా మూడోదానికి వెళ్లడం వైపు ఉంది. ముందు నెల్లూరులో చూపించి, ఆ కాగితాలతో అతనే యూనిట్‌కు చెప్పుకోవడం. ఇంట్లో ఎవరి మాట అతను వింటాడో, తొమ్మిది రోజుల్లో ఎంత సాధ్యమో మీకే తెలుసు.

కాగితం మీద ఇంత పట్టుబడుతున్నది ఎందుకంటే, డ్యూటీలో, శిక్షణలో దెబ్బ తగిలితే సైన్యంలో దానికి ఒక గాయం రిపోర్టు రాస్తారు. ఐ.ఎ.ఎఫ్.వై. 2006 అనే ఫారం అది. ఆ దెబ్బ నౌకరీ వల్లే వచ్చిందని చెప్పేందుకు మొదటి ఆధారం అదే. నౌకరీ వల్ల వైకల్యం వచ్చిన అగ్నివీర్లకు 50, 75, 100 శాతం స్థాయిని బట్టి 15, 25, 44 లక్షల పరిహారం ఉంది. మీ తమ్ముడి గాయం అంతదూరం వెళ్లదనే నా ఆశ. కానీ రేపు ఫిట్సో, మానని తలనొప్పో మొదలైతే, "ఇది ఇంటి దగ్గర బైకు మీద పడి తెచ్చుకున్నది" అనే వీలు ఎవరికీ ఉండకూడదు. చేరేటప్పటి వైద్య పరీక్షలో లోపమేదీ రాయకపోతే అతను ఆరోగ్యంగానే చేరాడని భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది అండగా ఉండొచ్చు, అయినా తీర్పు కంటే ఆ రోజు పక్కనున్నవాడి సాక్ష్యం దగ్గరి దారి. పడ్డప్పుడు చూసిన స్నేహితుడి చేత తేదీ, చోటు, ఏం జరిగిందో నాలుగు వాక్యాలు రాయించి తీసుకోమనండి. ఎలా అడగాలో తెలియకపోతే నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అక్కడ మాజీ సైనికులుంటారు, ఈ కాగితాల భాష వాళ్లకు తెలుసు.

అతనితో ఎలా మాట్లాడాలో కూడా చెప్పాలి. "నీ మెదడు దెబ్బతింది" అనొద్దు, ఆ మాట వింటే ఏ పిల్లాడైనా తలుపేసుకుంటాడు. రాత్రిపూట వద్దు, సాయంత్రానికి అతను అలసిపోయి ఉంటాడు. పొద్దున, పక్కన ఎవరూ లేనప్పుడు మాట్లాడండి. "మోకాలు బెణికితే పరుగు పెట్టి ఇంకా పాడుచేసుకుంటావా? పట్టీ కట్టించుకొని పది రోజులు ఆగుతావు కదా" అని అడగండి. కంకషన్‌కు ఆ పట్టీ విశ్రాంతే. ఫలానా మంగళవారం నుంచి చూస్తున్నాను, ఇది జరిగింది, అది జరిగింది అని రాసుకున్నది చూపించండి. నువ్వు మారిపోయావని అనకండి. చివర్లో ఒట్టు సంగతి మీరే ఎత్తండి. "ఎవరికీ చెప్పనని ఒట్టేశాను, నీకు తెలియకుండా చెప్పను. నువ్వే చెప్పేదాకా నీ పక్కనుంటాను, నీకు ప్రాణం మీదికొస్తే మాత్రం ఆ ఒట్టు చెల్లదు" అని ముందే అనేయండి.

ఈ తొమ్మిది రోజులూ బైకు తాళాలు మీ దగ్గర ఉంచుకోండి. ఒకసారి ఒరిగినవాడు ఇంకోసారి పడతాడు, ఈసారి రోడ్డు మీద. వాలీబాల్, కబడ్డీ వద్దు, మందు వద్దు. స్నేహితులు సెలవు మీద వచ్చాడని పార్టీ అంటే, నాన్నే వద్దని చెప్పాలి, ఈ పనికి ఆయన గొంతు బాగుంటుంది. అలాగని చీకటి గదిలో రోజంతా పడుకోబెట్టొద్దు. మొదటి ఒకటి రెండు రోజుల తర్వాత అలాంటి విశ్రాంతితో లాభం లేదు, మనిషి ఇంకా కుంగిపోతాడు. పొద్దునా సాయంత్రం నడక, తలనొప్పి పెరగనంత మేరకు. రాత్రి ఫోను పక్కన పెట్టేసి, రోజూ ఒకే వేళకు పడుకోవాలి. జేబులో మాత్రలు ఏవో, రోజుకెన్నో లెక్క రాయండి. రోజూ వేసుకుంటూ పోతే ఆ మాత్రల వల్లే తలనొప్పి తిరగబెడుతుంది, కాబట్టి ఆ లెక్క డాక్టరుకు తప్పకుండా చూపించాలి. ఉలి మళ్లీ పట్టుకోవాలనిపిస్తే పట్టుకోనివ్వండి, ఫోర్కు వద్దు, మామూలు గరిటె చాలు. ఎవరూ లెక్కపెట్టకుండా.

అరుపులు, కన్నీళ్లు దెబ్బ వల్లా, మనసు బాధ వల్లా అని విడదీసి చూడలేం. రెండూ కలిసే ఉంటాయి, రెంటికీ వైద్యం ఉంది. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సైనికుల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో 2023 డిసెంబరులో దానికి ప్రత్యేక విభాగమే పెట్టారు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు రెలిగేట్ అంటే ఏమిటో, ఒక రంగ్రూట్ దానికెందుకు భయపడతాడో వివరించాల్సిన పని లేదు.

తమ్ముడి జీవితం పాడుచేసిన అక్క అవుతానా అని అడిగారు. ఆ తాడు మీద నుంచి అతన్ని తోసింది మీరు కాదు, రింగులోకి పంపింది మీరు కాదు. నెల రోజుల్లో వందలమంది మధ్య ఉన్నా ఎవరూ పట్టుకోలేని గుర్తుల్ని రెండో రోజే పట్టుకున్నది మీరు.

ఈ రోజే పాత నోటుబుక్కు ఒకటి తీసుకొని, అతను పడిన తేదీ దగ్గర మొదలుపెట్టి మీకు తెలిసినవన్నీ వరసగా రాయండి. తేదీ సరిగ్గా తెలియకపోతే ఆ స్నేహితుణ్ణి అడగమని తమ్ముడికే చెప్పండి. ఆ ఫోన్ అతను చేస్తే, సగం మాట అప్పుడే బయటికి వచ్చినట్టు.